ఇరవయ్యేడు ముక్కలు

మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రాత్రి
గవర్రాజు నెత్తికెత్తుకున్నది చిలక పంజరాన్నే.
ముక్కల పెట్టె నీళ్ళలో ఉండిపోయింది.
బురద తీశాక చూస్తే
కృష్ణుడి నీలం లక్ష్మమ్మ చీరకి అంటుకుంది,
ఆంజనేయుడికి తోక ఒక్కటే మిగిలింది.
"దేవుళ్ళు ఒకళ్ళలోకి ఒకళ్ళు దిగిపోయేరండి ట్రేసరమ్మగారూ,
ఎవరి జాతకం ఎవరికి చెప్పను?"

ధవళేశ్వరం హెడ్‌వర్క్సులో ముప్ఫయ్యొక్కేళ్ళు
కాలవల పటాల మీద పల్చటి గుడ్డ పరిచి
వాటి వంకరలు దిద్దకుండా ఎత్తి రాసినదాన్ని.
బొమ్మలు రావన్నాను.
"గీతలొచ్చు గదండీ" అన్నాడు.
బుల్లెమ్మ కూడా మెడ వంచి నా వేళ్ళకేసి చూసింది.

ప్రెస్సువాళ్ళు పారేసిన శుభలేఖల అట్టలు తెచ్చాడు.
వెనక సగం వినాయకుడు, సగం పెళ్ళికొడుకు పేరు.
ముందువైపు నాది.

మొదటి ముక్క చుక్క.
"దీనికేం చెప్పమంటారు?"
ఇంకా ఏమీ అవలేదని చెప్పు.
రెండోది గీత. గట్టు అను,
ఇటు నీళ్ళు, అటు నిద్ర.
తర్వాత రెండు వృత్తాలు,
ఒకదాని నడిగుండెలోంచి ఒకటి పోయేట్టు.
మధ్యలో చేప దానంతటదే పుట్టింది.
"పులసండీ!" అన్నాడు, బేరం కుదిరినంత సంతోషంగా.

త్రికోణం దగ్గర తగువొచ్చింది.
తలకిందులుగా పడితే చెడేనా అంటాడు.
ఆనకట్ట మీద నిలబడితే విచ్చుకునేదీ
అంతర్వేదిలో నిలబడితే ముడుచుకునేదీ
ఒకటే నేల గవర్రాజూ.
మంచీ చెడూ అనకు,
ఎటు నించున్నారో అడుగు.

శ్రీచక్రం మటుకు పదకొండు రాత్రులు తినేసింది.
తొమ్మిది త్రికోణాలు, మూడేసి గీతలు ఒక్క చోట కలవాలి.
మర్మస్థానం అంటారు.
నా చెయ్యి ఇప్పుడు వణుకుతుంది.
వెంట్రుకవాసి తప్పి, కలవాల్సిన చోట
నువ్వుగింజంత ముక్కోణం మిగిలింది.
చెరిపెయ్యబోయి ఆగాను.
సర్వేలో అలాంటిది పడితే కాయితం చించేవాళ్ళం కాదు,
మనం నిలబడ్డ చోటు అందులోనే ఎక్కడో ఉందనుకుని
పని సాగించేవాళ్ళం.
ఆ ముక్కని అలాగే ఉంచాను.

పరిచే తీరు కూడా నేనే చెప్పాను.
పైన ఒకటి, ధవళేశ్వరం.
దాని కింద రెండు, గౌతమి, వశిష్ఠ.
వాటి కింద నాలుగు, పాయలు చీలినట్టు.
ఆ కింద వరస ఖాళీ.
సముద్రానికి ముక్క వెయ్యకు.
"ఏడు ముక్కలకి ఏడు గింజలు, గిట్టుబాటు కాదండి"
అని గొణిగి,
వడ్లకని నా దగ్గరే ఇరవై పుచ్చుకున్నాడు.

కోటిపల్లి రేవులో తొలి బేరం నూకరత్నం.
అడిగింది పెళ్ళి గురించి కాదు, పిల్లల గురించి కాదు.
లంకలో ఎకరం ముప్పై సెంట్లు ఏరు కోసుకుపోయింది,
పట్టా మటుకు కొంగు ముడిలో ఉంది,
నేల మళ్ళీ తేలుతుందా అని.

బుల్లెమ్మ ఆరు ముక్కలు లాగి పడేసింది.
ఏడోది వదల్లేదు.
ముక్కున కరుచుకుని ఎండకి ఎదురు నిలబడింది.
వట్టి వృత్తం అది.
నడిమధ్యన కంపాసు ముల్లు గుచ్చిన కన్నం,
పూడ్చాలనుకుని మర్చిపోయాను.
దాంట్లోంచి మెతుకంత వెలుగు జారి
నూకరత్నం అరచేతిలో పడింది.

గవర్రాజు నాకేసి చూశాడు.
దానికేం చెప్పాలో నేను నేర్పలేదు.

పంటు హారన్ కొట్టింది.
ఆవిడ ఎడం చేత్తో డబ్బులిచ్చి
"ఏవనుకోకు బాబూ" అని
కుడి గుప్పిట మూసుకునే బల్ల ఎక్కింది.
నడి ఏటికి చేరేదాకా చూశాను,
విప్పలేదు.